అడవి చూడని చిత్రకారుడి అడవులు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

గత సంచికలో ఫ్రెంచి చిత్రకారుడు ఆన్రి రూసో 1910లో గీసిన ‘కల’ అనే చిత్రాన్ని చిన్న పరిచయంతో ప్రచురించాము. పారిస్ నగర ద్వారాల దగ్గర సుంకం వసూలు చేసే చిరుద్యోగిగా ఉంటూ, ఏ కళాశాలలోనూ చదవకుండా చిత్రలేఖనం నేర్చుకున్న ఈయన, జీవితంలో ఎన్నడూ ఫ్రాన్స్ సరిహద్దు దాటలేదని ఆ పరిచయంలో పేర్కొన్నాము. ఆ వాక్యం మీదనే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న (విశ్రాంత రెవిన్యూ ఉద్యోగి, తెనాలి): దేశం దాటని మనిషి పులులు, సింహాలు, కోతులు నిండిన అడవులను అంత నమ్మకంగా ఎలా గీయగలిగాడు? సైన్యంలో ఉండగా ఆయన మెక్సికో వెళ్లాడని ఎప్పుడో చదివిన జ్ఞాపకం. ఏది నిజం?

సమాధానం: మెక్సికో కథ నిజం కాదు గానీ, అది ఎలా పుట్టిందో ఊహించవచ్చు. 1844లో లావాల్ అనే చిన్న పట్టణంలో ఒక రేకుపనివాడి ఇంట పుట్టిన రూసో, యౌవనంలో కొన్నేళ్లు ఫ్రెంచి కాల్బలంలో పనిచేశాడు. ఆ రోజుల్లోనే మూడో నెపోలియన్ చక్రవర్తి మెక్సికో మీదికి సేనను పంపాడు. అక్కడి నుంచి తిరిగివచ్చిన సిపాయిల కబుర్లు రూసో చెవిన పడే ఉంటాయి. తరువాతి కాలంలో ఆయన మిత్రుడైన కవి అపోలినేర్, ఆ అడవులు మెక్సికోలో కళ్లారా చూసినవేనన్న కథకు ప్రచారం కల్పించాడు. వినడానికి బాగున్న కథ కనుక అది చాలాకాలం నిలిచింది. అసలు సంగతి అంతకన్నా బాగుంటుందని నా అభిప్రాయం.

పారిస్‌లో సేన్ నది ఒడ్డున ‘జార్దాఁ దె ప్లాంత్’ అనే పెద్ద ఉద్యానవనం ఉంది. 1626లో రాజుగారి ఔషధ మొక్కల తోటగా మొదలైన ఈ ఆవరణలో, ఫ్రెంచి విప్లవం తరువాత 1794లో జంతు ప్రదర్శనశాలను ఏర్పాటు చేశారు. చలిదేశంలో బతకలేని ఉష్ణమండల మొక్కల కోసం లోపల వెచ్చగా ఉండే అద్దాల గృహాలను కట్టారు. 1889లో అదే ఆవరణలో జంతుశాస్త్ర ప్రదర్శనశాల కూడా తెరిచారు. రూసో చూసిన అడవి ఈ ప్రహరీగోడల లోపలే ఉంది. అద్దాల గృహాల్లో అడుగుపెట్టి దూరదేశాల మొక్కలను చూసినప్పుడు తనకు కలలోకి వెళ్లినట్టు ఉంటుందని, తాను చేసిన ప్రయాణం అంతకు మించి లేదని జీవితపు చివరి సంవత్సరంలో ఆయన ఒక కళావిమర్శకుడితో అన్నాడు.

జంతువుల విషయం ఇంకా ఆసక్తికరమైనది. 1905లో ప్రదర్శించిన ‘ఆకలిగొన్న సింహం’ చిత్రం ఎత్తు రెండు మీటర్లు, వెడల్పు మూడు మీటర్లు. అందులో జింకజాతి జంతువు మీద పడి కొరుకుతున్న సింహం, జంతుశాస్త్ర ప్రదర్శనశాలలో చనిపోయిన జంతువుల చర్మాలను కూరి నిలబెట్టిన ఒక బొమ్మల జంట నుంచి వచ్చింది. సెనెగల్ సింహం ఒకటి జింకను చీల్చి తింటున్నట్టు ఆ ప్రదర్శనను అమర్చారు. ఇదికాక, పారిస్‌లోని గాలరీ లఫయెత్ అనే పెద్ద దుకాణం వారు అచ్చువేయించిన అడవి జంతువుల ఫొటోల ఆల్బమ్ ఒకటి రూసో దగ్గర ఉండేది. ఆయన చిత్రాలలోని కొన్ని జంతువుల భంగిమలకూ ఆ ఫొటోలకూ ఉన్న పోలికను పరిశోధకులు తరువాత గుర్తించారు. సచిత్ర పత్రికలు, పోస్టుకార్డులు, ముద్రణ చిత్రాలు కూడా ఆయనకు ఉపయోగపడ్డాయి.

అందుబాటులో ఉన్న తోట, ప్రదర్శనశాలలో కదలని సింహం, దుకాణంలో కొన్న ఫొటోల పుస్తకం: ఆయన ఆధారాలు ఇవి. అదే తోటలో, అదే సింహం ముందు వేలాదిమంది పారిస్ వాసులు ఆదివారాలు గడిపారు. వారిలో ఒక్కడికి మాత్రం అది చూసి ఇంటికి వెళ్లిపోయే వినోదంగా మిగలలేదు. స్వయంగా నేర్చుకున్న చిత్రకారుల ప్రేరణ గురించి మాట్లాడేటప్పుడు మనం తరచుగా అరుదైన అనుభవాల కోసం వెతుకుతాం. రూసో విషయంలో అరుదైనది అనుభవం కాదు, దాని పట్ల ఆయన చూపిన శ్రద్ధ.

ప్రశ్న (డిగ్రీ విద్యార్థిని, కర్నూలు): ‘సామాజిక ఒడంబడిక’ రాసిన రూసో, ఈ చిత్రకారుడు ఒక్కరేనా?

సమాధానం: కాదు. ఆ తత్వవేత్త జాన్ జాక్ రూసో. ఆయన 1778లోనే మరణించారు. మన చిత్రకారుడు ఆ తరువాత 66 సంవత్సరాలకు పుట్టాడు.

ప్రశ్న (బొమ్మలు వేసే యువకుడు, రాజాం): నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఫోనులో కనిపించిన ఫొటోలను చూసి బొమ్మలు వేస్తాను. ‘అది కాపీ, కళ కాదు’ అని మిత్రులు అంటున్నారు. మీరు చెప్పిన రూసో కూడా ఫొటోలు చూసే గీశాడంటే, ఆయన గొప్పతనం ఏమిటి?

సమాధానం: మీ ప్రశ్నలో బాధ ఉంది, న్యాయం కూడా ఉంది. కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి.

మొదట, చూసి గీయడం తప్పు కాదు. రూసో 40 ఏళ్ల వయసులో, 1884లో, లూవ్ర్ మ్యూజియంలో కూర్చుని పూర్వ చిత్రకారుల చిత్రాలను చూసి గీయడానికి అనుమతిపత్రం సంపాదించుకున్నాడు. కళాశాల విద్యార్థులు యౌవనంలో చేసే అభ్యాసాన్ని ఆయన నడివయసులో, కొలువు చేసుకుంటూ మొదలుపెట్టాడు. తనకు ప్రకృతి తప్ప వేరే గురువు లేడని ఆయన తన గురించి రాసుకున్నాడు గానీ, అదే వాక్యంలో జెరోమ్, క్లెమాఁ అనే ఇద్దరు ప్రసిద్ధ చిత్రకారులు ఇచ్చిన సలహాలను కూడా గుర్తు చేసుకున్నాడు. గురువు లేని చిత్రకారుడికి ఆధారాలు ఉండవని అనుకోవడం పొరపాటు. అతడు తన గురువులను తానే ఎంచుకుంటాడు, అంతే. ఆ ఎంపికలో మ్యూజియంలోని మహాచిత్రకారుడికీ, పావలా పోస్టుకార్డుకూ పక్కపక్కనే చోటు దొరుకుతుంది. కళాశాలలో చదివినవారికి ఈ రెంటినీ ఒకే వరుసలో పెట్టే స్వేచ్ఛ అంత సులభంగా రాదు.

ఇక గొప్పతనం సంగతి. ఫొటోలో జంతువు బోనులోనో, కటకటాల ముందో ఉంటుంది. రూసో దానిని అక్కడి నుంచి తీసుకుని, వేరొక చోట చూసిన మొక్కల మధ్య నిలబెట్టాడు. కుండీలో పెరిగే మొక్క ఆకును చెట్టంత చేశాడు. జంతువు కన్నా ఆకు పెద్దదైపోయింది, పువ్వు మనిషి తలను మించిపోయింది. ఒక్కొక్క ఆకుకూ అంచు స్పష్టంగా గీసి, ముందున్న ఆకుకూ వెనకున్న ఆకుకూ సమానమైన శ్రద్ధ ఇచ్చాడు. నిజమైన అడవిలో దూరంగా ఉన్నది మసకబారుతుంది, ఆయన అడవిలో ఏదీ మసకబారదు. వెలుగు ఎటు నుంచి పడుతున్నదో చెప్పలేము. చూసేవారికి కలిగే ఆ వింత నిశ్శబ్దం ఏ ఫొటోలోనూ లేదు, ఏ అద్దాల గృహంలోనూ లేదు.

ఆయన మొదటి అడవి చిత్రాన్ని తీసుకోండి. 1891లో గీసిన ఆ చిత్రంలో, గాలివానలో ఊగిపోతున్న పొదల మధ్య ఒక పులి కోరలు చూపుతూ వంగి ఉంటుంది. వానను చూపడానికి రూసో చిత్రమంతటా ఏటవాలుగా సన్నని వెండిరంగు చారలను పలుచగా లాగాడు. తడిసిన అడవిని చూసి గీసినవాడికైనా తోచే పద్ధతి కాదది. వానను కిటికీ అద్దం వెనుక నుంచి చూసిన నగరవాసికి తోచిన పద్ధతి అని నాకు అనిపిస్తుంది.

కాబట్టి మీ మిత్రులు అడగవలసిన ప్రశ్న వేరు. మీరు ఒకే ఫొటోను తీసుకుని, దానిలాగే రావాలని ప్రయత్నించి, వచ్చిన చోట ఆగిపోతున్నారా? అలా అయితే చేతికి సాధన జరుగుతుంది, అది కూడా విలువైనదే. అయితే మూడు నాలుగు చోట్ల చూసినవాటిని ఒకచోటికి చేర్చినప్పుడు, వాటి మధ్య కుదరని కొలతలను, కుదరని వెలుగులను మీరే కుదర్చవలసి వస్తుంది. మీ సొంత నిర్ణయాలు అక్కడే మొదలవుతాయి. ఇంకొక మాట: ఇతరులు తీసిన ఫొటో ఆధారంగా వేసిన చిత్రాన్ని అమ్మదలచినప్పుడు వారి అనుమతి తీసుకోవడం ధర్మం.

ప్రశ్న (అరటి రైతు, రావులపాలెం): రూసో గీసిన పులి, దున్నపోతుల పోరాటం బొమ్మను మా అమ్మాయి కంప్యూటర్‌లో చూపించింది. అందులో అరటిపళ్లు గెలకు తలకిందులుగా ఉన్నట్టు కనిపించాయి. నా చూపు తప్పా, ఆయన తప్పా?

సమాధానం: మీ చూపు తప్పు కాదండీ. 1908 నాటి ఆ చిత్రం ఇప్పుడు అమెరికాలోని క్లీవ్‌లాండ్ మ్యూజియంలో ఉంది. గెల కిందికి వేలాడినా అస్తాలలోని కాయలు వెలుగు వైపు పైకి వంపు తిరుగుతాయని గోదావరి జిల్లాల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. రూసో అరటిపండును బజారులో చూసి ఉంటాడు గానీ తోటలో చూడలేదు. అందుకే పళ్లను కిందికి వేలాడేటట్టు గీశాడు. పులీ దున్నపోతూ కలబడిన ఆ భంగిమ కూడా ఆయన స్వయంగా కల్పించినది కాదు. వెర్లా అనే బెల్జియం చిత్రకారుడి చిత్రానికి వచ్చిన ముద్రణ ప్రతి నుంచి తీసుకున్నాడు.

ఈ తప్పును దాచవలసిన అవసరం లేదు, ఎగతాళి చేయవలసిన అవసరమూ లేదు. పారిస్ విమర్శకులు ఆయనను సంవత్సరాల తరబడి ఎగతాళి చేశారు. వారిలో ఎవరూ ఈ అరటిపళ్ల సంగతి గమనించి ఉండరు, ఎందుకంటే వారికీ అరటితోట తెలియదు. ఒక చిత్రకారుడి ఆధారాలు ఎక్కడ ఆగిపోయాయో చెప్పగలిగేది ఆ వస్తువుతో రోజూ మెలిగేవారే. మీలాంటి పాఠకుల ఉత్తరాలు అందుకే మాకు విలువైనవి.

ప్రశ్న (సంగీత ఉపాధ్యాయురాలు, విజయనగరం): రూసో గీసిన పాములను ఆడించే స్త్రీ చిత్రానికి భారతదేశంతో సంబంధం ఉందని విన్నాను. నిజమేనా? ఆ వాద్యం మన నాగస్వరంలా అనిపించదు.

సమాధానం: సంబంధం ఉంది, అయితే అది ఒకరి నోట విన్న సంబంధం. రొబేర్ దెలొనే అనే యువ చిత్రకారుడు రూసోకు మిత్రుడు. అతని తల్లి భారతదేశంలో పర్యటించి వచ్చిన మహిళ. 1907లో ఆమె ఈ చిత్రాన్ని గీయించుకుంది. ఆమె చెప్పిన ప్రయాణ కథలే ఈ చిత్రానికి బీజమని చెబుతారు.

వినికిడి నుంచి రూసో ఏమి చేశాడో చూడండి. మనకు తెలిసిన పాములవాడు సంతలోనో వీధిలోనో, చుట్టూ జనంతో, బుట్ట ముందు కూర్చుని, సొరబుర్ర బూర ఊదుతాడు. రూసో చిత్రంలో జనం లేరు, బుట్ట లేదు, పగలు కూడా లేదు. నిండు వెన్నెలలో నది ఒడ్డున, ముఖకవళికలు కనిపించనంత నల్లగా, రెండు కళ్లు మాత్రం మెరుస్తూ ఒక స్త్రీ నిలబడి పిల్లనగ్రోవి వంటి వాద్యాన్ని ఊదుతూ ఉంటుంది. చెట్టుకొమ్మ నుంచి, నేల నుంచి, ఆమె మెడ మీద నుంచి పాములు ఆలకిస్తూ ఉంటాయి. పక్కన గులాబీరంగు తెడ్డుముక్కు కొంగ ఒకటి నిలబడి ఉంటుంది. మీ అనుమానం సరైనదే. అది మన నాగస్వరం కాదు, మన పాములవాడి బూర కూడా కాదు. సంగీతం వింటే క్రూరజంతువు కూడా శాంతిస్తుందన్న పాత నమ్మకం యూరప్‌లోనూ ఉంది, మన దగ్గరా ఉంది. కథ భారతదేశం నుంచి వచ్చినా, ఆయన గీసినది ఆ నమ్మకాన్ని. రూసో స్వయంగా వయొలిన్ వాయించేవాడనీ, 1893లో కొలువు వదిలిన తరువాత చాలీచాలని పింఛనుకు తోడు సంగీత పాఠాలు చెప్పి బతికాడనీ తెలిస్తే మీకు సంతోషం కలుగుతుంది.

అయితే ఇందులో మనం మరచిపోకూడని సంగతి ఒకటి ఉంది. ఆ కాలపు పారిస్‌కు పులులూ, సింహాలూ, ఉష్ణమండల మొక్కలూ వచ్చింది వలసరాజ్యాల ఓడలలో. 1889 ప్రపంచ ప్రదర్శనలో వలసదేశాల ప్రజలను వారి గుడిసెలతో సహా తెచ్చి చూపరుల ముందు ఉంచారు. రూసో ఆ ప్రదర్శనను చూసి మురిసిపోయి దాని మీద ఒక ప్రహసన నాటకం కూడా రాశాడు. మన వంటి దేశాలను పేరూ ఊరూ లేని వింతలోకంగా చూసే అలవాటు ఆయన చిత్రాలలోనూ కనిపిస్తుంది. ఆ చిత్రాన్ని ప్రేమించడానికి ఇది నాకు అడ్డు కాలేదు. కానీ చూస్తున్నంతసేపూ ఈ సంగతి మనసులో ఉండాలని కోరుకుంటాను.

ప్రశ్న (గృహిణి, కరీంనగర్): ఎప్పుడూ విదేశాల వారి గురించే చెబుతారు. మన దేశంలో సొంతంగా నేర్చుకున్నవారు, ముఖ్యంగా ఇంటిపనుల మధ్య గీసినవారు లేరా? వారికి ప్రేరణ ఎక్కడ దొరికింది?

సమాధానం: మీ ఆక్షేపణ న్యాయమైనది. రవీంద్రనాథ్ ఠాగూర్ అరవై దాటిన తరువాత చిత్రకారుడయ్యారు. 1924లో అర్జెంటీనాలో ఉండగా ‘పూరవి’ కవితల రాతప్రతిలో కొట్టివేసిన మాటలను కలుపుతూ గీసిన గీతలు పక్షులుగా, వింత జంతువులుగా రూపుదిద్దుకున్నాయి. అవే క్రమంగా విడి చిత్రాలయ్యాయి. 1930లో పారిస్‌లో వాటి మొదటి ప్రదర్శన జరిగింది. ఆయన మొత్తం రెండు వేలకు పైగా చిత్రాలు గీశారు. తప్పుగా తోచి కొట్టివేసిన మాటే చిత్రానికి ఆధారం కావడం రూసో పద్ధతికి పూర్తిగా భిన్నమైన దారి.

మీ ప్రశ్నకు మరింత దగ్గరగా ఉన్నవారు అదే కుటుంబానికి చెందిన సునయనీదేవి. 1875లో పుట్టిన ఈమె ప్రసిద్ధ చిత్రకారులు అవనీంద్రనాథ్, గగనేంద్రనాథ్‌లకు చెల్లెలు. అన్నలకు దొరికిన శిక్షణ ఈమెకు దొరకలేదు. చిన్నతనంలోనే పెళ్లయింది, సంసారం మీద పడింది, సుమారు 30 ఏళ్ల వయసులో కుంచె పట్టుకున్నారు. ఆమె ఆధారాలన్నీ ఇంటి లోపలివే: గోడలకు వేలాడే రవివర్మ ముద్రణ చిత్రాలు, కలకత్తా కాళీ గుడి దగ్గర అమ్మే కాళీఘాట్ పటాలు, అంతఃపురంలో విన్న పురాణకథలు, అన్నలు గీస్తుండగా పక్కన నిలబడి చూసిన క్షణాలు. తాను గీసిన వాటిలో చాలావాటిని కలలో చూశానని ఆమె చెప్పేవారు. రాధాకృష్ణులు, అర్ధనారీశ్వరుడు, బొట్టు పెట్టుకున్న ఇల్లాళ్లు ఆమె చిత్రాలలో పెద్ద కళ్లతో, మెత్తని గుండ్రని గీతలతో కనిపిస్తారు. 1922లో కలకత్తాలో జర్మనీలోని బౌహౌస్ అనే కళాపాఠశాలకు చెందిన కళాకారుల చిత్రాలతో పాటు ఆమె చిత్రాలను కూడా ప్రదర్శించారు. గడప దాటే అవకాశం తక్కువగా ఉన్న స్త్రీ, ఆ గడప లోపల ఉన్నవాటితోనే ఆధునిక భారతీయ చిత్రకళలో చోటు సంపాదించుకున్నారు. సోదరుల పేర్లు తెలిసినంతగా ఆమె పేరు మన పాఠకులకు తెలియకపోవడం నన్ను బాధపెడుతుంది.

ప్రశ్న (బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్): సెలవురోజుల్లో మాత్రమే బొమ్మలు వేయగలను. ఖాళీ కాగితం ముందు కూర్చుంటే ఏమీ తోచదు. ప్రేరణ కోసం ఎక్కడికి వెళ్లమంటారు?

సమాధానం: రూసోను కూడా చాలాకాలం ‘ఆదివారం చిత్రకారుడు’ అనే పిలిచారు, కాబట్టి మీకు మంచి తోడు ఉంది. ఖాళీ కాగితం ముందు కూర్చోవడం మానేసి, ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లమని చెబుతాను. మీ నగరంలో 1963 నుంచి నెహ్రూ జంతు ప్రదర్శనశాల ఉంది, సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. కొత్త చోట కళ్లు అన్నింటి మీదా పరుగెత్తుతాయి. పదోసారి వెళ్లిన చోట, ఒక కొంగ కాలు మడిచే తీరు మీదనో, ఒక ఆకు ఈనెల మీదనో చూపు ఆగుతుంది. అలా ఆగినదాన్ని చిన్న పుస్తకంలో గీసుకుని తారీఖు వేయండి. అప్పటికప్పుడు చిత్రం కాకపోయినా ఫరవాలేదు. 1891లో పులిని గీసిన రూసో మళ్లీ అడవి జోలికి రావడానికి పన్నెండేళ్లకు పైగా పట్టింది. ఆ తరువాత మరణించేవరకూ వరుసగా గీసి, మొత్తం ఇరవైకి పైగా అడవి చిత్రాలు మిగిల్చాడు.

కొలతలంటే విసుగు పడకండి. 1909లో అపోలినేర్‌ను, అతని ప్రేయసి మరీ లొరాఁసాఁను ‘కవికి ప్రేరణనిస్తున్న కళాదేవి’ అనే చిత్రంగా గీస్తున్నప్పుడు రూసో వారి ముక్కు, చెవులు, నుదురు, చేతులు కూడా కొలిచి చూసుకున్నాడని ఆ కవే రాశాడు. ఆ చిత్రంలో కవికి తగిన పూలుగా తాను అనుకున్నవాటికి బదులు వేరే పూలు పడ్డాయని తెలిసి, ఆయన మొత్తం చిత్రాన్ని మళ్లీ గీశాడు. ఒక ప్రతి మాస్కోలో, రెండవది స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఉన్నాయి.

ప్రశ్న (తెలుగు పాఠకుడు, లండన్): రూసో అసలు చిత్రాలను ఎక్కడ చూడవచ్చు?

సమాధానం: వానలో పులి మీ ఊరిలోనే, నేషనల్ గ్యాలరీలో ఉంది. దాని శాశ్వత సేకరణను చూడడానికి టిక్కెట్టు అక్కరలేదు. పాములను ఆడించే స్త్రీ పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. ‘కల’, దానితో పాటు 1897 నాటి ‘నిద్రిస్తున్న జిప్సీ’ న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉన్నాయి. ఈ జిప్సీ చిత్రాన్ని కొనమని రూసో తన సొంత ఊరు లావాల్ మేయరుకు ఉత్తరం రాశాడు, ఊరు కొనలేదు. ‘ఆకలిగొన్న సింహం’ బాసెల్ దగ్గరి బేయెలర్ ఫౌండేషన్‌లో ఉంది. పారిస్ వెళితే ఓర్సే చూసిన రోజునే జార్దాఁ దె ప్లాంత్‌కు కూడా వెళ్లండి. అది సేన్ నదికి అదే ఒడ్డున ఉంది, అద్దాల గృహాలు ఇప్పటికీ తెరిచే ఉంటాయి. రూసో చూసిన జంతుశాస్త్ర ప్రదర్శనశాల భవనాన్ని 1994లో పరిణామ ప్రదర్శనశాలగా తిరిగి తెరిచారు.